12 ఎకరాల చెలకలో లేఔట్: ముందు నీళ్ల దారి, తర్వాత నడక దారి, ఆ పైన ప్లాట్లు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: హనుమకొండ దగ్గరి హసన్‌పర్తి దాటాక, కరీంనగర్ రోడ్డు నుంచి అర కిలోమీటరు లోపల అన్నదమ్ముల ఉమ్మడి చెలక (మెట్ట భూమి) 12 ఎకరాలుంది. ఒక అంచున ఒర్రె (చిన్న వాగు) పోతుంది. లేఔట్ వేయాలనుకుంటున్నారు. కొన్నవాళ్లు ప్రతి పనికీ బండి తీయకుండా, కాలనీ ఎండకూ వరదకూ తట్టుకునేలా ఎట్లా ప్లాన్ చేయాలి? సోలార్ వీధి దీపాలు, చార్జింగ్ పాయింట్లు పెడితే సరిపోతుందా?

సరిపోదు. సోలార్, చార్జింగ్ పదేళ్ల తర్వాత కూడా పెట్టుకోవచ్చు. గేటు ఎటువైపు ఉంది, ఒర్రెకు ఎంత జాగ వదిలారు, బస్సు స్టేజీ దాకా నడిచే బాట ఉందా లేదా అన్నవి మాత్రం మొదటి డ్రాయింగ్‌లోనే తేలిపోతాయి. ప్లాట్లు రిజిస్ట్రేషన్ అయ్యాక వాటిని జానెడు కూడా జరపలేరు.

ముందు లెక్క చూడండి. 12 ఎకరాలంటే 480 గుంటలు, 58,080 గజాలు. రోడ్లు, పార్కు, ఒర్రె పక్క జాగ పోను 55 శాతం మిగిలితే సుమారు 32 వేల గజాలు. 200 గజాల చొప్పున 160 ప్లాట్లు. ఇంటికి రెండు బండ్లు, ఒక్కోటి హనుమకొండ పోయి వస్తే రోజుకు 20 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుందాం. ఇంటికి నెలకు వెయ్యి కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండైనా 20 లీటర్లు తాగుతుంది, అంటే రెండు వేల రూపాయల పైమాటే. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 160 ఇళ్లకు ఏడాదికి 38 వేల లీటర్లు, దగ్గర దగ్గర 88 టన్నులు. అదే 40 వాట్ల వీధి దీపాలు నలభై పెట్టి, రాత్రంతా వెలిగించి, వాటన్నిటినీ సోలార్‌కు మార్చితే తగ్గేది ఏడాదికి 5 టన్నులు. ఇళ్లలో మూడో వంతు బస్సుకు మారినా అంతకు ఐదారు రెట్లు తగ్గుతుంది. అందుకే శ్రద్ధ అంతా నడక మీద, బస్సు మీద పెట్టాలి.

అయితే డ్రాయింగ్ మొదలుపెట్టాల్సింది నీళ్ల నుంచి. గ్రామ నక్షా, మీ సర్వే నంబర్ల టిప్పన్‌లు (కొలతల పటాలు) తీసుకుని ఒర్రె ఎక్కడ పుట్టి ఏ కుంటలో కలుస్తుందో గీయించండి. కాకతీయుల నాటి నుంచి ఈ ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది కుంటకే పోవాలి, మధ్యలో ఏం కట్టినా సరే. కింద, పైన ఉన్న కుంటల ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం) హద్దులు నీటిపారుదల శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. సర్వేయర్‌తో అర మీటరు తేడాకు ఒక కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) గీయించండి. అది లేకుండా ఏ ప్లానరూ మోరీ (డ్రైనేజీ కాలువ) వాలు సరిగా చెప్పలేడు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాల్లో వానాకాలానివి ఏరి చూడండి. అన్నిటికంటే విలువైన ఆధారం పక్క పొలం సాగుచేసే పెద్దమనిషి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఆయన్ను వెంటబెట్టుకుని నడిచి, రాయి పాతి, ఆ రాయి లెవెల్ తీయించండి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. వరంగల్‌లో హంటర్ రోడ్డు కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అలాంటి వాన మళ్లీ వస్తుందనే ప్లాన్ చేయాలి.

ఇక్కడ ఒక మాట. భూమి మార్పిడి కాగితాల్లో కనిపించే ‘నాలా’ అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం. దానికీ నీళ్లు పారే నాలాకూ సంబంధం లేదు. నాలా అనుమతి వచ్చింది కదా అని ఒర్రె కూడా క్లియర్ అయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 మీటర్ల లోపు వెడల్పున్న వాగు, నాలాకు 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు వదలాలి. 10 హెక్టార్ల లోపు కుంటకు ఎఫ్‌టీఎల్ నుంచి 9 మీటర్లు, ఆపైన చెరువుకు 30 మీటర్లు. మీ ఒర్రెకు చట్టం అడిగేది 2 మీటర్లే కావచ్చు. మీరు 6 మీటర్లు వదలండి. ఎందుకంటే మామూలుగా జరిగేది ఇది: ఒర్రెలో మొరం పోసి, రెండడుగుల హ్యూమ్ పైపు (సిమెంటు గొట్టం) పడేసి, పైన ప్లాట్లు గీస్తారు. పైన వంద ఎకరాల చెలక ఉండి, గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే సెకనుకు దాదాపు 2 ఘనపు మీటర్ల నీళ్లు దిగుతాయి. 300 అడుగులకు ఒక అడుగు వాలున్న రెండడుగుల పైపు అందులో ఐదో వంతు కూడా మింగదు. మిగతా నాలుగు వంతులు ఇళ్లలోకి వస్తాయి. చెత్త అడ్డుపడితే మొత్తం వస్తుంది.

మీ లేఔట్ లోపలి మోరీలకూ ఇదే లెక్క కట్టాలి. ఇళ్లూ రోడ్లూ పడ్డాక 12 ఎకరాల నుంచి అదే వానకు సెకనుకు 0.47 ఘనపు మీటర్లు వస్తుంది. అదే వాలుతో 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు మోరీ అంచుల దాకా నిండి పారితేనే దీన్ని మోస్తుంది. కాబట్టి చివరి మోరీ రెండున్నర అడుగుల లోతు ఉండాలి. కాంట్రాక్టర్లు అలవాటుగా కట్టే అడుగు వెడల్పు, అడుగున్నర లోతు మోరీ నాలుగో వంతే మోస్తుంది. అది వీధి కొసలకు చాలు, అన్నీ కలిసే చోట పనికిరాదు.

నీళ్లన్నిటినీ ఒక్కసారిగా కిందికి తోసేస్తే కింది ఊరి మీద పడతాయి. పార్కును మిగిలిపోయిన ముక్కలో కాకుండా అన్నిటికంటే పల్లంలో పెట్టండి. 10 శాతం జాగ పార్కు అనుకుంటే, అందులో సగం ఒక్క అడుగు దించితే 7 లక్షల లీటర్లు ఆగుతాయి. గంటలో 50 మిల్లీమీటర్లు పడ్డప్పుడు మీ లేఔట్‌లో పారే నీళ్లు సుమారు 17 లక్షల లీటర్లు. ఐదింట రెండు వంతులు పార్కులోనే ఒక పూట నిలిచి, మెల్లగా దిగిపోతాయి. ఏడాదిలో మిగతా రోజులు పిల్లలు ఆడుకుంటారు. ఎర్ర చెలక, మొరం నేలైతే ఇంకుడు గుంతలు బాగా పనిచేస్తాయి. నల్లరేగడి ముక్క ఏదైనా ఉంటే అక్కడ పునాదికి 3 మీటర్ల లోపు ఇంకుడు గుంత తవ్వనీయొద్దు. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది, గోడలు పగులుతాయి.

ఇప్పుడు నడక దారి. ఒర్రె పక్కన వదిలిన ఆ 6 మీటర్లు ఎట్లాగూ అమ్మలేని జాగ. ఒర్రె రోడ్డు వైపు పోతుంటే, ఆ జాగనే స్టేజీకి పోయే బాటగా మార్చండి. ఎత్తు వైపున 3 మీటర్ల బాట, 2023 నీటి గుర్తుకు అడుగు పైన. బాటకూ ఒర్రెకూ మధ్య చెట్లు. మీ హద్దు దాటాక రోడ్డు దాకా పక్కవాళ్ల భూమి అడ్డొస్తే, 10 అడుగుల పట్టీ ఇప్పుడే కొనండి, లేదా దారి హక్కు రిజిస్టర్ చేయించుకోండి. లేఔట్ పడ్డాక ఆ పట్టీ ధర ఎన్ని రెట్లవుతుందో మీకు తెలుసు.

స్టేజీ దగ్గర పొద్దున 7 నుంచి 10 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా రెండు రోజులు నిలబడి బస్సులు లెక్కపెట్టించండి. పోయేవి కాదు, ఆగేవి. ఎక్స్‌ప్రెస్‌లు చిన్న స్టేజీల్లో ఆగవు, వాటిని లెక్కలో వేయొద్దు. గంటకు నాలుగు ఆగితే జనం బస్సును నమ్ముకుంటారు. రెండుకు తగ్గితే బండి కొంటారు. చివరి బస్సు ఎన్నింటికో రాసుకోండి. రాత్రి షాపు మూసి ఇంటికి రావాల్సినవాళ్లకు అదే నిర్ణయిస్తుంది. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి, స్టేజీ దగ్గరగా ఉన్న ఇంటికి నెల ఖర్చులో కనబడే తేడా ఉంటుంది. 160 ఇళ్ల కోసం ఆర్టీసీ లోపలికి ప్రత్యేక బస్సు నడపదు, నడిపినా నిలవదు. ఉన్న రూటుకు మీరే దగ్గర కావాలి. డిపో మేనేజర్‌ను అడగాల్సింది కొత్త బస్సు కాదు, ఉన్న బస్సులకు ఒక స్టేజీ.

చాలా ప్లాన్లలో తప్పిపోయేది రోడ్డు దాటడం. పోయేటప్పుడు ఇటు ఎక్కితే, వచ్చేటప్పుడు అటు దిగుతారు. నాలుగు వరుసల హైవే అయితే చీకట్లో పిల్లను చంకనేసుకుని డివైడర్ ఎక్కి దాటాల్సి వస్తుంది. ఆ ఒక్క భయం చాలు, ఇంటాయన బండి మీద దింపడం మొదలుపెడతాడు. స్టేజీని క్రాసింగ్ ఉన్న కూడలి పక్కనే అడగండి, కూడలికి లైటు, వేగం తగ్గించే గీతలు కోరుతూ రోడ్డు ఎవరిదైతే ఆ శాఖకు లేఔట్ ప్లాన్‌తో పాటే దరఖాస్తు పెట్టండి.

కాంపౌండ్ గోడ సంగతి దగ్గరగా చూద్దాం. 12 ఎకరాలు చతురస్రమైతే ఒక్కో వైపు 220 మీటర్లు. వాస్తు చూసి ఆర్చి గేటు తూర్పున పెట్టారు, స్టేజీ పడమర ఉంది అనుకుందాం. పడమటి గోడ పక్క ఇంటివాళ్లు 220 మీటర్లు తూర్పుకు నడిచి, గేటు దాటి, గోడ చుట్టూ తిరిగి మళ్లీ పడమరకే రావాలి. స్టేజీ 500 మీటర్లే ఉన్నా నడక కిలోమీటరు దాటుతుంది. నిమిషానికి 80 మీటర్ల లెక్కన 6 నిమిషాలది 13 అవుతుంది. మే నెల ఎండలో ఆ 13 నిమిషాలు ఎవరూ నడవరు. మందు ఒక్కటే: పడమటి గోడలో 6 అడుగుల సందు. మధ్యలో ఒక రాతి స్తంభం, రెండు పక్కలా మూడేసి అడుగుల ఖాళీ. సైకిలు, చక్రాల కుర్చీ, పాల క్యాన్ పట్టుకున్న మనిషి పోగలగాలి. స్కూటర్ కూడా దూరుతుంది, దాన్ని ఆపాలని సందు ఇంకా ఇరుకు చేస్తే చక్రాల కుర్చీ ఆగిపోతుంది. స్కూటర్‌కు భయపడి సందు మూయొద్దు. పైన ఒక దీపం, సందుకు ఎదురుగా ఇళ్ల వెనక గోడలు కాకుండా ముందు వాకిళ్లు ఉండేలా ప్లాట్లు తిప్పండి. నాలుగు కళ్లు పడే చోటు కాబట్టి చీకటి పడ్డాక కూడా ఆడవాళ్లు ఆ దారినే వస్తారు.

లోపలి రోడ్లు. 40 అడుగుల రోడ్డంటే 40 అడుగులూ కాంక్రీటు పోయడం కాదు. 20 అడుగులు బండ్లకు, రెండు పక్కలా ఆరేసి అడుగుల ఫుట్‌పాత్, నాలుగేసి అడుగుల చెట్ల పట్టీ. ఫుట్‌పాత్ 6 అడుగులు ఎందుకంటే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం కనీసం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు అడుగుతుంది. 33 అడుగుల రోడ్డైతే 18 అడుగులు బండ్లకు, ఒక పక్క ఫుట్‌పాత్, చెట్లు కలిపి 10, రెండో పక్క పైన బిళ్లలు కప్పిన మోరీకి 5. అగ్నిమాపక బండికి 18 అడుగులు చాలు. మీ జాగలో 33 అడుగుల రోడ్లు సుమారు 1,450 మీటర్లు వస్తాయి. 26 అడుగులకు బదులు 18 అడుగులే పోస్తే, 6 అంగుళాల మందం లెక్కన 530 ఘనపు మీటర్ల కాంక్రీటు, దగ్గర దగ్గర 4 వేల బస్తాల సిమెంటు మిగులుతుంది. చెట్లకూ ఫుట్‌పాత్‌కూ ఖర్చు అందులోంచే వస్తుంది.

ఫుట్‌పాత్‌ను చంపేది ఇంటి ర్యాంపు. ఒకాయన బేస్‌మెంట్ మూడడుగులు లేపి, కారు ఎక్కడానికి ర్యాంపును రోడ్డు మీదికి దించుతాడు. పక్కాయన ఇంకో అరడుగు లేపుతాడు. పది ఇళ్లు దాటేసరికి ఫుట్‌పాత్ ఎగుడుదిగుడై, ముసలివాళ్లు రోడ్డు మధ్యలోకి దిగుతారు. కాబట్టి అమ్మకం పత్రంలోనే షరతు రాయాలి: ఫుట్‌పాత్ ప్రతి గేటు ముందూ ఒకే మట్టంలో సాగిపోతుంది, రోడ్డు నుంచి 6 అంగుళాలు ఎక్కే ర్యాంపు చెట్ల పట్టీ 4 అడుగుల్లోనే ముగుస్తుంది, మిగతా ఎక్కుడంతా గేటు లోపలే. దీనికి తోడు ప్రతి వీధి మూలన లెవెల్ చెక్కిన రాయి పాతండి. తర్వాత ఎప్పుడు రోడ్డు వేసినా పాత పొర తవ్వి, ఆ రాయి మట్టానికే వేయాలి. పొర మీద పొర పోస్తే పదిహేనేళ్లలో ఇళ్లు రోడ్డు కంటే కిందికి పోతాయి.

చెట్లు ప్లాట్లు అమ్మకముందే నాటండి. ఇల్లు కట్టేనాటికి నీడ ఉండాలి. 3 అడుగుల గుంత, 20 నుంచి 25 అడుగుల ఎడం. కానుగ, వేప వీధులకు. రావి, మర్రి పార్కుకు మాత్రమే, వేళ్లు మోరీలను పగలగొడతాయి. కోనోకార్పస్ వద్దే వద్దు. మన దగ్గర కోతుల బెడద తెలిసిందే కాబట్టి నేరేడు, జామ ఇళ్ల మధ్య పెట్టకండి, ఒర్రె పక్కన పెట్టండి. తూర్పు పడమర పోయే వీధిలో దక్షిణం వైపు, ఉత్తర దక్షిణం పోయే వీధిలో పడమటి వైపు చెట్లు దట్టంగా ఉండాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నం ఎండ వచ్చేది అటునుంచే.

ప్లాట్ల అమరికలో గేటు, సందు దగ్గర 100, 120 గజాల చిన్న ప్లాట్లు, అపార్ట్‌మెంట్ స్థలం పెట్టండి. 250 గజాలవి లోపలికి నెట్టండి. మామూలుగా దీనికి తలకిందులుగా చేస్తారు, మంచి ఫేసింగ్ ఉన్న పెద్ద ప్లాట్లు ముందు, చిన్నవి వెనక. కానీ బస్సు ఎక్కేవాళ్లు ఎక్కువ మంది చిన్న ప్లాట్లలోనే ఉంటారు. కిరాణం, పాలు, మందుల షాపు, అంగన్‌వాడీకి జాగ గేటు బయట రోడ్డు ముఖంగా ఉండాలి. 160 ఇళ్ల గిరాకీ ఒక్కటే చాలదు, రోడ్డున పోయేవాళ్లదీ కలిస్తేనే షాపు నిలుస్తుంది. తూర్పు ఫేసింగ్‌కే గిరాకీ కాబట్టి రోడ్లు ఉత్తర దక్షిణంగా వస్తాయి, ప్రతి ఇంటికీ పడమటి గోడ కాలుతుంది. దాన్ని మార్చలేకపోతే పడమటి వైపు మెట్లు, స్టోర్ గది, బాత్రూం పెట్టమని మోడల్ ప్లాన్ ఇవ్వండి, పడక గది కాదు.

మిగతావి తొందరగా. 2023లో రాష్ట్రం తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపై ఇళ్లకు తప్పనిసరి. మీ ప్లాట్లు చిన్నవి కాబట్టి ఐచ్ఛికమే, అయినా తెల్లని పెంకు ముక్కలో కూల్ పెయింటో షరతుగా పెట్టండి. పై అంతస్తు గదిలో తేడా మొదటి ఏప్రిల్‌లోనే తెలుస్తుంది. కేంద్రం సూర్యఘర్ పథకంలో ఇంటి పైన పెట్టే 3 కిలోవాట్ల సోలార్‌కు 78 వేల సబ్సిడీ ఉంది, అది ఇల్లు కట్టినవాళ్లు చూసుకుంటారు. మీరు చేయాల్సింది ప్రతి ప్లాటుకు కేబుల్ పైపు, పార్కింగ్‌లో 16 యాంపుల సాకెట్ షరతు. 160 స్కూటర్లు సాయంత్రం ఒకేసారి చార్జింగ్‌కు పెడితే 120 కిలోవాట్ల దాకా లాగుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ల అంచనా ఇచ్చేటప్పుడే కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు ఈ లోడు చెప్పండి. సైకిలు కింది అంతస్తులో నిలిపే జాగ ఉంటేనే వాడతారు, మెట్లు ఎక్కించాల్సి వస్తే వారంలో మూలకు చేరుతుంది.

చివరిగా కాగితాలు. రోడ్లు, పార్కు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేసేటప్పుడు దించిన పార్కు, ఒర్రె పక్క 6 మీటర్లు, బయటి 10 అడుగుల పట్టీ, గోడలోని 6 అడుగుల సందు, ఈ నాలుగూ కొలతలతో సహా కుడాకు (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చే ప్లాన్‌లోనూ డీడ్‌లోనూ పేరు పెట్టి రాయించండి. ప్లాన్‌లో లేని సందును కాలనీ సంఘం మొదటి దొంగతనం జరిగిన మర్నాడే ఇటుకలతో మూయించేస్తుంది, ‘ఖాళీ’ అని మాత్రమే రాసిన పల్లపు పార్కులో మొరం పోసి కమ్యూనిటీ హాలు కడతారు.